ఆఫీసులో లైనక్స్ డెవలప్‌మెంట్ సర్వర్లకు ఏ వర్చువలైజేషన్ పెట్టాలి?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. విశాఖలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది, డెవలపర్లు 14 మంది. ఇన్నాళ్లూ ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, అంటే వీఎం, నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని నెట్టుకొచ్చారు. ప్రాజెక్టులో సర్వీసులు పెరిగేసరికి 16 జీబీ ల్యాప్‌టాప్‌లు చాలట్లేదు, బిల్డ్ పెడితే మౌస్ కూడా కదలదు. అందుకని ఒక రీఫర్బిష్డ్ ర్యాక్ సర్వర్ తీసుకున్నాం. జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు రెండు, అంటే మొత్తం 28 కోర్లు, 128 జీబీ ర్యామ్, 1 టీబీ సాటా ఎస్ఎస్‌డీలు నాలుగు.

దీని మీద ఒక్కొక్కరికి ఒక ఉబుంటు మెషీన్ ఇవ్వాలి. ఎక్కువమందికి పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), ఎలాస్టిక్‌సెర్చ్ (సెర్చ్ ఇంజన్), డాకర్ (యాప్‌లని కంటైనర్లలో నడిపేది) కావాలి. ఒకావిడ నెట్‌వర్క్ డ్రైవర్ రాస్తారు, ఆవిడకి కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) మాడ్యూళ్లు లోడ్ చేయడం, తీయడం రోజువారీ పని.

మేనేజర్‌గారు వీఎంలు నడపడానికి వీఎంవేర్ అంటున్నారు. నాకు అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ మీద మనసుంది. టీమ్‌లో ఒకాయన మాత్రం వీఎంలు దేనికి, అన్నీ ఎల్ఎక్స్‌సీ కంటైనర్లు (సర్వర్ కెర్నల్‌నే పంచుకునే తేలికపాటి మెషీన్లు) పెట్టేయ్, ర్యామ్ బోలెడు మిగులుతుంది అంటున్నారు. మాకు విడిగా అడ్మిన్ లేరు, నా కోడింగ్ పనితో పాటు ఇదీ నేనే చూసుకోవాలి. మీరైతే ఏం చేస్తారు?

గచ్చిబౌలి_ఆప్స్:
మీ మేనేజర్‌గారి మాట కొట్టిపారేయడానికి లేదు బ్రదర్, వీఎంవేర్ నేను చాలాకాలం నడిపాను, గట్టి సరుకు. కానీ ఆయన వాడిన రోజులు వేరు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొనేసింది, ఆ వెంటనే డిసెంబరులో ఒకసారి కొనుక్కుని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు ఆపేసింది, ఇప్పుడంతా చందా పద్ధతే. ఒక్కో ప్రాసెసర్‌కి కనీసం 16 కోర్లు లెక్క వేస్తారు. మీ ప్రాసెసర్‌లో ఉన్నవి 14, అంటే మీకున్న 28 కోర్లకి 32 కోర్ల డబ్బు కట్టాలి.

వీఎంవేర్ ఉచితంగా ఇచ్చే ఈఎస్ఎక్స్ఐ ఉంది కదా అంటారేమో. 2024 ఫిబ్రవరిలో తీసేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. ఏడాదికి పైగా పోయి వచ్చిన దాని మీద 14 మంది పని ఆధారపడటం నాకు నచ్చదు. పైగా ఆ ఉచిత దాంట్లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడుకునే ఏపీఐ తెరిచి ఉండదు. ఇంతకుముందే లైసెన్సు కొనుక్కుని, దాని మీద పదేళ్ల అనుభవం ఉన్న మనిషి ఉంటే నా సమాధానం వేరేగా ఉండేది.

డెబియన్_అక్క:
మొదట ఒక సంగతి సర్దుకుంటే సగం గందరగోళం పోతుంది. మీరు లైనక్స్ హోస్ట్ (అసలు సర్వరు) మీద లైనక్స్ గెస్టులు (దాని మీది వీఎంలు) నడపాలనుకుంటే కింద ఉండే ఇంజన్ దాదాపు ఎప్పుడూ కేవీఎమ్మే. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 కెర్నల్ నుంచి అది కెర్నల్‌లోనే ఉంది. ప్రాక్స్‌మాక్స్ అయినా, వర్ట్ మేనేజర్ అయినా, ఇంకస్‌లో వీఎంలు అయినా అంతా కేవీఎం, దానితో కలిసి వీఎంకి డిస్కు, నెట్‌వర్క్ లాంటివి అనుకరించే క్యూఈఎంయూ జంటే. అమెజాన్ కూడా జెన్ అనే ఇంకో ఇంజన్‌తో మొదలుపెట్టి 2017 నుంచి కేవీఎం పునాది మీద కట్టిన నైట్రోకి మారింది.

కాబట్టి ఏది వేగం అని బెంచ్‌మార్కులు వెతకడం మానేయండి, గెస్ట్‌లో డిస్కుకీ నెట్‌వర్క్‌కీ వర్టియో డ్రైవర్లు (వీఎంల కోసమే చేసినవి) పెట్టినంత కాలం వీటి మధ్య తేడా మీ వాళ్ల కంటికి ఆనదు. మీరు ఎంచుకుంటున్నది ఇంజన్ని కాదు, దాని చుట్టూ ఉన్న పనిముట్లని. కొత్త మెషీన్ ఎంత తొందరగా తయారవుతుంది, పాడైతే ఎంతసేపట్లో తిరిగొస్తుంది, మీరు సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు చూసి అర్థం చేసుకోగలరా. ఈ మూడూ చూడండి.

నల్లమల:
అక్క చెప్పింది నిజమే కానీ నేను ఇంకో మెట్టు కిందికి దిగమంటాను. ఉన్నది ఒక్క సర్వరు. ప్రాక్స్‌మాక్స్‌లో చాలా సర్వర్లని కలిపి నడపడానికి ఉన్న క్లస్టరు, హై అవైలబిలిటీ, సెఫ్ ఇవేవీ మీకు అక్కరకు రావు. మామూలు డెబియన్ లైనక్స్ వేసి, వీఎంలని నడిపించే లిబ్‌వర్ట్ పెట్టి, మీ ల్యాప్‌టాప్ నుంచి వర్ట్ మేనేజర్‌తో చూసుకోండి, బ్రౌజర్ కావాలంటే కాక్‌పిట్ ఉంది. ప్రతి వీఎం ఒక ఎక్స్ఎంఎల్ (సెట్టింగుల) ఫైలు, ఒక క్యూకౌ2 (డిస్కు) ఫైలు, అంతే. ఏం జరుగుతోందో కళ్లకి కనిపిస్తుంది. రేపు హోస్ట్ పోయినా ఆ రెండు ఫైళ్లు ఏ లైనక్స్ మెషీన్‌లో పడేసినా లేస్తుంది.

డెబియన్_అక్క:
నల్లమల గారూ, ఒక్కరికి ఒక్క సర్వరైతే నేనూ అదే అంటాను. కానీ ఇక్కడ 14 మంది. వాళ్లలో ఒక్కొక్కరికి తన వీఎంని తనే రీస్టార్ట్ చేసుకునే, కన్సోల్ తెరుచుకునే అనుమతి ఇవ్వాలి, పక్కవాళ్లది ముట్టుకోకూడదు. ప్రాక్స్‌మాక్స్‌లో ఇది వెబ్ పేజీలో యూజర్‌కి రోల్ ఇవ్వడంతో అయిపోతుంది. లిబ్‌వర్ట్‌లో పోల్‌కిట్ నియమాలు రాసుకోవాలి. దానికి తోడు రాత్రి బ్యాకప్ షెడ్యూలు, పాతవి తీసేయడం, ఫెయిలైతే మెయిలు, ఇవన్నీ చేత్తో స్క్రిప్టులు. కోడింగ్ మధ్యలో అడ్మిన్ పని చేసే మనిషికి ఆ స్క్రిప్టులు ఇంకో ప్రాజెక్టు అవుతాయి.

సాగరతీరం:
ఇది మాకు బాగా అవసరం అక్కా, రాత్రి పూట వీఎం హ్యాంగ్ అయింది రీస్టార్ట్ చెయ్యమని నాకే ఫోన్లు వస్తాయని భయం. ఇంకో సందేహం, ర్యామ్. తలకి 16 జీబీ ఇస్తే 224 అవుతుంది, ఉన్నది 128. అందుకే కంటైనర్ల మాట తోసేయలేకపోతున్నా.

రూట్_ప్రాంప్ట్:
కంటైనర్ల సంగతి నేను చెప్తా, మా దగ్గర రెండూ నడుస్తాయి.

ఎల్ఎక్స్‌సీ కంటైనర్ సెకన్లలో లేస్తుంది, ఖాళీగా ఉంటే పదుల ఎంబీల్లో సరిపెట్టుకుంటుంది, వాడని ర్యామ్ దానంతటదే హోస్ట్ దగ్గర ఉంటుంది. ఇవన్నీ నిజమే. కానీ కెర్నల్ ఒక్కటే, అందరిదీ. మీ డ్రైవర్ రాసే ఆవిడకి కంటైనర్ ఇస్తే మాడ్యూల్ లోడ్ చేయడానికి కుదరదు. అనుమతులన్నీ తెరిచేసి కుదిరేలా చేశారే అనుకోండి, ఆ మాడ్యూల్లో ఒక పాయింటర్ తప్పుగా పడి కెర్నల్ ప్యానిక్ అయితే, అంటే కుప్పకూలితే, పడేది హోస్ట్. ఆవిడ ఒక్కరే కాదు, 14 మంది ఒకేసారి చేతులు కట్టుకు కూర్చుంటారు. ఆవిడకి వీఎం తప్ప దారి లేదు. వీఎంలో ఇంకో సుఖం ఉంది, క్యూఈఎంయూకి గెస్ట్ కెర్నల్‌ని జీడీబీ అనే డీబగ్గర్‌తో పట్టుకునే ఏర్పాటు ఉంది, సీరియల్ కన్సోల్ పెట్టుకుంటే ప్యానిక్ సందేశం మొత్తం చదువుకోవచ్చు.

ఇక మిగతావాళ్లు. ఎలాస్టిక్‌సెర్చ్ మొదలవ్వాలంటే మాక్స్ మ్యాప్ కౌంట్ అనే కెర్నల్ సెట్టింగు కనీసం 262144 ఉండమంటుంది, మామూలుగా ఉండేది 65530. ఇది కంటైనర్‌కి విడిగా ఉండదు, హోస్ట్ మీదే మార్చాలి. ఫైళ్ల మార్పులు కనిపెట్టే ఇనోటిఫై పరిమితులదీ ఇంచుమించు అదే గోల, ఎడిటరు, వెబ్‌ప్యాక్ లాంటివి నాలుగు కంటైనర్లలో ఒకేసారి తెరిస్తే అయిదోవాళ్లకి ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని వస్తుంది, వాళ్లు తమ కంటైనర్లో ఎంత వెతికినా కారణం దొరకదు. ఎందుకంటే అది వాళ్ల దగ్గర లేదు.

డాకర్ని ఎల్ఎక్స్‌సీ లోపల నడపొచ్చు, నెస్టింగ్ టిక్కు పెడితే నడుస్తుంది. కానీ ప్రాక్స్‌మాక్స్ వాళ్ల డాక్యుమెంట్లే డాకర్ కావాలంటే వీఎంలో పెట్టుకోమంటాయి. అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి విరుగుతుంది. మీ వాళ్లలో ఎక్కువమందికి డాకర్ కావాలన్నారు కాబట్టి నా ఓటు వీఎంకే. గిట్ సర్వరు, ప్యాకేజీ క్యాష్, డీఎన్ఎస్ లాంటి చిన్న సర్వీసులు మాత్రం కంటైనర్లలో పెట్టండి, అక్కడ అవి హాయిగా ఉంటాయి.

తుంగభద్ర:
ఎల్ఎక్స్‌సీ పేరెత్తారు కాబట్టి ఇంకస్ గురించి కూడా చెప్పాలి. కనోనికల్ 2023లో ఎల్ఎక్స్‌డీని కమ్యూనిటీ నుంచి తన చేతిలోకి తీసుకుంది, ఆ ఆగస్టులోనే దాన్నుంచి చీలి ఇంకస్ పుట్టింది. ఒకే కమాండుతో కంటైనరూ వస్తుంది, చివర్లో ఒక ఆప్షను చేరిస్తే వీఎమ్మూ వస్తుంది. ఇమేజీలు సిద్ధంగా దొరుకుతాయి, ప్రాజెక్టులుగా విడదీసి ఒక్కొక్కరికి కోటా పెట్టొచ్చు. టెర్మినల్‌లో బతికే డెవలపర్లకి ఇంతకంటే చేతికి హాయిగా ఉండేది నేను చూడలేదు, ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీలో ఎనిమిది క్లిక్కులయ్యే పని ఇక్కడ ఒక్క లైను. మీ టీములో ఎవరికీ బ్రౌజర్ అక్కర్లేదంటే దీన్ని చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

రూట్_ప్రాంప్ట్:
తుంగభద్ర గారి మాట సబబే, నాకూ ఇంకస్ ఇష్టం. బ్యాకప్ దగ్గర మాత్రం ఇంకా చేత్తో చేసుకోవాల్సింది ఎక్కువ, అదొక్కటే నన్ను ఆపుతోంది.

సాగరతీరం గారూ, ర్యామ్ లెక్కకి వస్తే, 16 అడిగినవాళ్లందరికీ 16 ఇవ్వొద్దు. 6 జీబీతో మొదలుపెట్టండి, 84 అవుతుంది. హోస్ట్‌కి, డిస్కులు చూసుకునే జెడ్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌కి కలిపి 20 దాకా పక్కన పెట్టండి, మిగిలింది నిజంగా అవసరమైనవాళ్లకి పెంచండి. కోర్లు ఎక్కువ పంచినా ఫర్వాలేదు, 28 కోర్ల మీద 14 మందికి తలా 4 ఇచ్చినా అందరూ ఒకే నిమిషంలో బిల్డ్ పెట్టరు, పెట్టినా కాస్త నెమ్మదిస్తుంది అంతే. ర్యామ్ అలా కాదు, అయిపోతే హోస్ట్ ఏదో ఒక వీఎంని చంపుతుంది. బెలూనింగ్ ఉంది, హోస్ట్ ర్యామ్ 80 శాతానికి చేరాక గెస్టుల దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది. ర్యామ్‌లో ఒకేలా ఉన్న పేజీలు కలిపేసే కేఎస్ఎం కూడా ఉంది, అందరిదీ ఒకే ఉబుంటు కాబట్టి కొంత లాభం ఉంటుంది. అవి రెండూ కష్టకాలానికి ఉంచుకోండి, వాటిని నమ్మి లెక్క వేయొద్దు. అసలు ఆ సర్వర్లో ర్యామ్ స్లాట్లు ఖాళీగా ఉంటే పాత డీడీఆర్4 సర్వర్ ర్యామ్ కొనడం అన్నిటికంటే తేలిక.

చార్మినార్_క్లౌడ్:
ఎవరూ అనట్లేదు కాబట్టి నేను అంటా. సర్వర్ ఎందుకసలు? అమెజాన్‌కి 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, విశాఖ నుంచి జాప్యం పెద్దగా తెలియదు. రాత్రి ఆపేస్తే కంప్యూట్ బిల్లు ఆగుతుంది.

గచ్చిబౌలి_ఆప్స్:
ఆపేస్తే అన్నారు చూడండి, అక్కడే ఉంది. 14 మందిలో రోజూ ఎవరు ఆపుతారు? షెడ్యూలు పెడితే రాత్రి పని చేసేవాళ్లు తీసేయమంటారు. డిస్కులకి ఆపినా బిల్లు పడుతుంది. వాళ్లు ఇప్పటికే సర్వర్ కొన్నారు కూడా. అప్పుడప్పుడూ పెద్ద మెషీన్ కావాల్సి వస్తే క్లౌడ్, రోజూ నడిచేవాటికి సొంతది, నా లెక్క ఇది.

పాత_ర్యాక్:
డిస్కుల దగ్గర ఎవరూ ఆగలేదు, నాకైతే ఈ సెటప్‌లో ఎక్కువ భయం వేసేది అదే.

ఆ నాలుగు సాటా ఎస్ఎస్‌డీలు ఏ రకం? పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉందా? డేటాబేస్ ప్రతి కమిట్‌కీ ఎఫ్‌సింక్ అంటుంది, అంటే ఇది నిజంగా డిస్కు మీద పడిందని మాటివ్వు అని. సర్వర్ల కోసం చేసిన ఎస్ఎస్‌డీలో కెపాసిటర్లు ఉంటాయి, కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నది రాసేయగలదు కాబట్టి అది వెంటనే సరే అంటుంది. మామూలు డెస్క్‌టాప్ ఎస్ఎస్‌డీ అసలు ఫ్లాష్ మీద రాసేదాకా ఆగాలి. ఒక్క ల్యాప్‌టాప్‌లో ఇది తెలియదు. 14 పోస్ట్‌గ్రెస్‌లు, వాటి కింద జెడ్ఎఫ్ఎస్ జర్నలు, అన్నీ ఒకేసారి ఎఫ్‌సింక్ అంటుంటే ఐవో వెయిట్ (డిస్కు కోసం ఆగే సమయం) పైకి పోతుంది, సీపీయూ చూస్తే ఖాళీగా ఉంటుంది, అందరూ మాత్రం సర్వర్ స్లో అంటారు. జెడ్ఎఫ్ఎస్ మీద వీఎంలు నడిపితే రాతలు కూడా పెరుగుతాయి, చవక ఎస్ఎస్‌డీల ఆయుష్షు కళ్ల ముందే తరిగిపోతుంది. స్మార్ట్ (డిస్కు ఆరోగ్యం) రిపోర్టులో వేర్ (అరుగుదల) శాతం నెలనెలా చూసుకోండి.

ఎంటర్‌ప్రైజ్ రకం పాతవి దొరికితే, తక్కువ సైజైనా సరే, అవే తీసుకోండి. అమరిక మాత్రం రెండేసి డిస్కుల మిర్రర్లు, అంటే జతలో రెండింటిలోనూ అదే డేటా. రెయిడ్-జెడ్ (నకలు బదులు పారిటీ దాచే అమరిక) పెడితే జాగా ఎక్కువొస్తుందని ఆశపడొద్దు, వీఎంలు చేసే చిన్న చిన్న రాతలకి అది సరిపడదు, ప్యాడింగ్‌లో ఆ మిగిలిన జాగా కూడా చాలావరకు పోతుంది. మిర్రర్లయితే 2 టీబీ వస్తుంది, 80 శాతం దాటకుండా చూసుకోండి. రెయిడ్ కార్డు ఉంటే దాన్ని హెచ్‌బీఏ మోడ్‌లోకి మార్చండి, జెడ్ఎఫ్ఎస్‌కి డిస్కులు నేరుగా కనబడాలి. కార్డు అలా మారనంటే, దాని బ్యాటరీ బాగుంటే, హార్డ్‌వేర్ రెయిడ్ 10 మీద ఎల్‌వీఎం థిన్ (వాడినంతే జాగా తీసుకునే పద్ధతి) పెట్టుకోండి, అదీ మంచిదే. థిన్ పూల్ పూర్తిగా నిండనివ్వొద్దు, నిండితే అన్ని వీఎంలకీ ఒకేసారి రాత లోపాలు వస్తాయి. వీఎం డిస్కు మీద డిస్కార్డ్ టిక్కు పెడితే గెస్ట్‌లో చెరిపిన ఫైళ్ల జాగా వెనక్కి వస్తుంది, లేకపోతే చెరిపినా పూల్ నిండుతూనే ఉంటుంది.

నల్లమల:
ఇది బంగారంలాంటి మాట. ప్రాసెసర్ గురించి ఒకటి చేరుస్తా. వీఎంకి సీపీయూ టైపు ‘హోస్ట్’ అని పెట్టండి, ఉన్నది ఒక్క సర్వరే కాబట్టి వీఎంని వేరే సర్వర్‌కి మార్చే మైగ్రేషన్ గొడవ లేదు. పాత ప్రాక్స్‌మాక్స్‌లలో మామూలుగా వచ్చే కేవీఎం64 టైపు మీద ఆల్మా లైనక్స్ 9 వేస్తే బూట్‌లోనే జీలిబ్‌సీ ఎర్రర్ కొట్టి ఆగిపోయేది, రెడ్‌హ్యాట్ 9 కుటుంబానికి ఎక్స్86-64-వీ2 స్థాయి (ప్రాసెసర్ సామర్థ్యానికి కొలత, జియాన్ పేరులోని వీ4 లాంటిది కాదు) కావాలి. 10వ వెర్షన్‌కి వీ3 కావాలి. మీ వీ4 జియాన్‌లో దానికి కావాల్సిన ఏవీఎక్స్2 ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు, ఈ5 వీ2 తరం సర్వర్ చవగ్గా వస్తోందని చూస్తున్నవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆల్మా వాళ్లు 10కి వీ2 బిల్డు విడిగా ఇస్తున్నారు, అందరూ ఇవ్వట్లేదు. హోస్ట్ టైపు పెడితే నెస్టెడ్ వర్చువలైజేషన్ (వీఎంలో వీఎం) కూడా వస్తుంది, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కావాలన్నవాళ్లకి పనికొస్తుంది.

కొత్తగా_చేరా:
చిన్న ప్రశ్న, మన్నించండి. ఒక ఉబుంటు వీఎం పూర్తిగా సెట్ చేసి 14 సార్లు క్లోన్ చేస్తే చాలదా? నేను అలా చేస్తే రెండు క్లోన్లకి ఒకే ఐపీ వచ్చింది, మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలు) వేరువేరుగానే ఉన్నాయి. ఎందుకో అర్థం కాలేదు.

తుంగభద్ర:
మన్నింపు ఎందుకండీ, ఇది ఇక్కడ చాలామందికి ఎదురయ్యేదే. ఉబుంటు సర్వర్‌లో డీహెచ్‌సీపీ ద్వారా రౌటర్‌ని ఐపీ అడిగేది సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ, అది తనని తాను పరిచయం చేసుకునేది మ్యాక్ అడ్రసుతో కాదు, మెషీన్ ఐడీ నుంచి తయారుచేసిన గుర్తుతో. క్లోన్ చేస్తే ఈటీసీలో ఉన్న ఆ మెషీన్ ఐడీ ఫైలు కూడా అలాగే వస్తుంది, రౌటర్‌కి ఇద్దరూ ఒకరే. టెంప్లేట్ చేసే ముందు ఆ ఫైలుని ఖాళీ చేయండి, చెరపొద్దు, ఖాళీ చేస్తే చాలు, మొదటి బూట్‌లో కొత్తది పుడుతుంది. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా తీసేయండి, లేకపోతే అందరి సర్వర్లకీ ఒకే తాళం.

అసలు ఇన్‌స్టాల్ చేసిన వీఎం కంటే ఉబుంటు వాళ్లిచ్చే క్లౌడ్ ఇమేజీని టెంప్లేట్ చేయడం మేలు, క్లౌడ్ ఇనిట్ ఈ పనులన్నీ తనే చేసి, యూజర్ పేరు, ఎస్ఎస్‌హెచ్ కీ, ఐపీ కూడా పెట్టేస్తుంది. మిగతా ప్యాకేజీలు అన్సిబుల్ అనే ఆటోమేషన్ పనిముట్టుతో.

డెబియన్_అక్క:
బ్యాకప్ గురించి నాకు చెప్పాలని ఉంది, కొంచెం గట్టిగానే చెప్తాను.

స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచడం) బ్యాకప్ కాదు, అది అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కుతో పాటే పోతుంది. ఒక పాత డెస్క్‌టాప్ తీసుకుని దాంట్లో ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేయండి, అదే సర్వర్ మీద వీఎంగా కాదు, విడి మెషీన్ మీద. మొదటి బ్యాకప్ తర్వాత మారిన భాగాలే పంపుతుంది, 14 వీఎంలూ ఒకే ఉబుంటు కాబట్టి ఒకే ముక్కని రెండుసార్లు దాచదు, జాగా చాలా తక్కువ పడుతుంది. వీఎంలలో గెస్ట్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్ తప్పకుండా వేయండి, బ్యాకప్ తీసే క్షణంలో ఫైల్‌సిస్టమ్‌ని నిలబెట్టేది అదే.

దీనికంటే ముఖ్యం, సర్వర్ని అందరికీ ఇచ్చే ముందే ఒక వీఎంని చెరిపేసి తిరిగి తెచ్చి చూడండి. మీరొక్కరే కాదు, మీ టీములో ఇంకొకరితో చేయించండి, మీరు పక్కన నోరు మెదపకుండా కూర్చోండి. ఎక్కడ ఆగుతారో అక్కడ ఒక లైను రాసి పెట్టుకోండి. ప్రాక్స్‌మాక్సా, ఇంకసా, లిబ్‌వర్టా అన్న చర్చ మీ ఆఫీసుకి తేలేది ఆ గంటలోనే. తెచ్చే పని ఇంకొకరి చేత కాలేదంటే ఎంత గొప్ప హైపర్‌వైజర్ (వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టినా 14 మంది పని మీ ఒక్కరి మీద వేలాడుతున్నట్టే, నాకు ఇలాంటి ఆఫీసులు చూస్తే బాధేస్తుంది.

పాత_ర్యాక్:
వేసవిలో కరెంటు సంగతి కూడా చూసుకోండి. యూపీఎస్‌ని యూఎస్‌బీతో సర్వర్‌కి కలిపి హోస్ట్ మీద నట్ అనే యూపీఎస్ సాఫ్ట్‌వేర్ వేయండి, బ్యాటరీ అయిపోతోందనగానే వీఎంలని వరసగా ఆపి హోస్ట్ ఆగుతుంది. ఆపడానికి ఎంతసేపు పడుతుందో ముందే చూసి పెట్టుకోండి, 14 వీఎంలు ఆగేలోపు బ్యాటరీ అయిపోకూడదు. లేచేటప్పుడు డీఎన్ఎస్, గిట్ ముందు లేవాలి, బూట్ ఆర్డర్‌లో పెట్టొచ్చు. ర్యాక్ సర్వర్ ఫ్యాన్ల చప్పుడు మనుషులు కూర్చునే గదిలో భరించలేరు, దానికి వేరే గది, ఏసీ చూడండి.

సాగరతీరం:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ప్రాక్స్‌మాక్స్ 9 వేస్తున్నా, అందరికీ వీఎంలు, గిట్, డీఎన్ఎస్ మాత్రం కంటైనర్లలో. ఎస్ఎస్‌డీలు చూశాను, పవర్ లాస్ ప్రొటెక్షన్ లేదు, వాటిని బ్యాకప్ మెషీన్‌కి మార్చి ఎంటర్‌ప్రైజ్‌వి నాలుగు కొందామని మేనేజర్‌గారికి పాత_ర్యాక్ గారి పోస్టు యథాతథంగా చూపించాను, ఒప్పుకున్నారు. లైసెన్సు లెక్క చూశాక వీఎంవేర్ మాట ఆయనే వదిలేశారు. లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక పెట్టె వస్తోంది, అది డబ్బు కట్టకపోతే ఆగిపోతుందనా?

ఇంకొకటి, వీఎంలకి ఆఫీస్ రౌటర్ నుంచే ఐపీలు ఇవ్వాలా, లోపల నాట్ (వీఎంలన్నీ హోస్ట్ ఐపీ వెనక ఉండే పద్ధతి) పెట్టాలా?

గచ్చిబౌలి_ఆప్స్:
ఆగదు బ్రదర్. ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ తీసేసి నో సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ పెట్టండి, అప్‌డేట్లు వస్తాయి. అయినా ఆఫీసు మొత్తం దాని మీద నడుస్తోంది కాబట్టి వీలున్నప్పుడు చందా కట్టండి, ప్రాసెసర్ సాకెట్ లెక్కన ఉంటుంది, కోర్ల లెక్క కాదు. ఆ వియన్నా కంపెనీ నడిచేది దాంతోనే.

నాట్ వద్దు, వీఎంలని నేరుగా ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలిపే బ్రిడ్జే పెట్టండి, డెవలపర్లు ఒకరి సర్వీసుని ఒకరు నేరుగా పిలుచుకోవాలి. స్విచ్ ఒప్పుకుంటే బ్రిడ్జ్‌ని వీల్యాన్ అవేర్ చేసి వీఎంలకి విడి వీల్యాన్ (అదే స్విచ్ మీద వేరు చేసిన నెట్‌వర్క్) ఇవ్వండి, ఆఫీస్ రౌటర్ డీహెచ్‌సీపీ పూల్ ఫోన్లతోనే నిండిపోయి ఉంటుంది. ఐపీలు మ్యాక్ అడ్రసుకి రిజర్వ్ చేసుకోండి. క్లోన్ల దగ్గర చెప్పిన మెషీన్ ఐడీ గుర్తు వల్ల కొన్ని రౌటర్లు ఆ రిజర్వేషన్ పట్టించుకోవు, అప్పుడు ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్‌ని మ్యాక్ అని పెడితే సరి. బ్యాకప్ నుంచి తెచ్చేటప్పుడు యూనిక్ అన్న టిక్కు పెట్టకపోతే పాత మ్యాకే వస్తుంది, ఐపీ కూడా అదే. పాత వీఎం ఇంకా నడుస్తూ ఉండగా పక్కన పరీక్షకి తెస్తుంటే మాత్రం ఆ టిక్కు మర్చిపోవద్దు, లేకపోతే నెట్‌వర్క్‌లో రెండూ కొట్టుకుంటాయి.